థింసా నృత్యము – అరకులోయ గిరిజనుల వివాహసంబంధములు

విశాఖపట్టణమునుండి శృంగవరపుకోట మీదుగా అనంతగిరి కొండల నెక్కి అరకులోయ చేరు యాత్రికునకు నేడు తప్పక చూపబడు వానిలో థింసా నృత్యమొకటి. వెనుకనుండి ఒకరి చేతులొకరు పెనవేసికొని ఒక్క శరీరమువలె కదలు స్త్రీల వరుసయు, ముందర ఊగు నెమలిపింఛముల కుచ్చును, ప్రక్కన తుడుము మ్రోతయు చూపరుల మనస్సున చాలకాలము నిలుచును. చూచినవారు దానిని గుఱించి సాధారణముగా రెండు మాటలలో నొకటి చెప్పుదురు. శ్రమజీవుల వినోదమని కొందఱందురు. పడుచువాండ్ర ప్రణయక్రీడ యని మఱికొందఱందురు. ఈ రెండును అసత్యములు కావు గాని అసమగ్రములు. ఏ నృత్యమునందైనను పాదముల కదలికను వర్ణించుట సులభము. ఎవరు ఎవరితో ఆడవచ్చును, ఎవరితో ఆడరాదు, ఎప్పుడు ఆడవలెను, ఆడిన పిమ్మట ఏమి జరుగును అను ప్రశ్నలకు సమాధానము చెప్పుట కష్టము. థింసాను ఈ రెండవ మార్గమున పరిశీలించి, వివాహసంబంధములకును గ్రామముల మైత్రికిని అది యెట్లు ఆధారమైనదో చూపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట ప్రదేశమును గుఱించి కొంత చెప్పవలెను. అరకులోయ తూర్పుకనుమలలో సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. పూర్వము విశాఖపట్టణము జిల్లా ఏజెన్సీలో భాగమైన ఈ ప్రాంతము, 2022 ఏప్రిల్ నెలలో పాడేరు ముఖ్యపట్టణముగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. అరకు, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు మండలములలో భగత, వాల్మీకి, కోటియా, కొండదొర, పోర్జ, కోదు, గదబ, కొండకమ్మర మొదలగు తెగలవారు కలరు. వీరు ఒకరి గూడెము ప్రక్కన మఱియొకరు నివసించుచున్నారు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము వేఱుపడువఱకు కోరాపుట్, జయపురము ప్రాంతములు గూడ విశాఖపట్టణము జిల్లాలోనివే. పాలనకొఱకు గీచిన గీత కొండలను రెండు చేసినది గాని నృత్యమును రెండు చేయలేదు. ఆవలివారు దీనిని ఢెమ్సా యందురు. ఈవలివారు థింసా యందురు. అడుగుల చప్పుడని ఆ మాటకు అర్థము చెప్పుదురు.

ఈ నృత్యమునకు సంబంధించిన పదజాలము తెలుగు విద్యార్థికి ఒక హెచ్చరిక. కోదుల కువి భాషయు, కొండదొరలలో కొందఱు మాటాడు కొండభాషయు ద్రావిడ కుటుంబమునకు చెందినవి. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి కొండభాషనుగుఱించి రచించిన వ్యాకరణము 1969లో వెలువడినది. గదబలలో ఒక శాఖవారి గుతోబ్ ముండా భాష. మఱియొక శాఖవారి ఓల్లారి ద్రావిడ భాష. ఇన్ని భాషలవారును పరస్పరము మాటాడుకొనుటకు చిరకాలముగా వాడుచున్నది ఆదివాసీ ఒడియా, లేక దేశియా, అనబడు మాండలికము. నృత్యభేదముల పేర్లు పెక్కులు ఈ భాషవే. ‘బోడ థింసా’లోని బోడ ఒడియాలో పెద్ద యను అర్థమిచ్చు శబ్దము, తెలుగు బోడితలతో దానికి సంబంధము లేదు. ‘బాగ్ థింసా’లోని బాగ్ అనగా పులి, మన ‘బాగు’ కాదు. ‘పొతర్ తోల’ యనగా ఆకులు కోయుట. ‘బాయ’ యనగా పిచ్చియెత్తిన యని యర్థము. ధ్వనిసామ్యమును నమ్మి వీనికి తెలుగు వ్యుత్పత్తులు కల్పించినచో అర్థము చెడును.

ఈ భాషావిషయమునుండి ఒక సామాజిక విషయము తెలియుచున్నది. ఏ యొక్క తెగయు తన యింటిభాషలో పేరు పెట్టుకొనిన నృత్యము కాదిది. సంతలో వస్తువులు మార్చుకొనుటకు వాడు ఉమ్మడి భాషలోనే దీనికి పేర్లున్నవి. పాటలును చాలవఱకు ఆ భాషలోనే యున్నవి. కావున థింసా ఒక తెగ లోపలి కర్మకాండకంటె తెగకు తెగకు, గ్రామమునకు గ్రామమునకు నడుమ జరుగు వ్యవహారమునకు దగ్గఱగా నున్నదని ఊహింపవచ్చును. దాని నిర్మాణమును చూచినచో ఈ యూహ మఱింత బలపడును.

థింసాలో సామాన్యముగా ఎనిమిది భేదములు చెప్పబడుచున్నవి: బోడ, గుండేరి, గొడ్డిబేట, పొతర్ తోల, బాగ్, నాటికారి, కుండ, బాయ. బోడ థింసా గ్రామదేవత గౌరవార్థమైనది. కుడివైపున పురుషులు, ఎడమవైపున స్త్రీలు రెండు వరుసలుగా నిలిచి, వెన్నులమీదుగా చేతులు చేర్చి గట్టిగా పట్టుకొందురు. కుడివరుస మొదటివాడు నెమలిపింఛముల కుచ్చు చేతబట్టి నాయకుడై నడచును. ఎడమవరుస చివరనున్నవారు వచ్చి అతనితో కలియుదురు. అంతట వరుస సర్పమువలె మెలికలు తిరుగుచు వలయమై, కేకలు వేయుచు మరల మొదటి స్థానమునకు వచ్చును. గుండేరి థింసాకు ఉస్కు థింసా యనియు పేరు. ఇందు పురుషుడు పాటపాడి తనతో ఆడుటకు స్త్రీలను పిలుచును. పిమ్మట ఉభయులును గట్టి అడుగులతో ముందునకును వెనుకకును నడచుచు వలయముగా తిరుగుదురు. గొడ్డిబేటలో వంగుచు ముందునకు సాగి, ఊగుచు వెనుకకు వత్తురు. పొతర్ తోల ఆకులు సేకరించు పనికి అనుకరణము. బాగ్ థింసా పులి బారినుండి తప్పించుకొను రీతిని చూపును. కుండ థింసాలో భుజములతో ఒకరినొకరు త్రోసికొందురు. నాటికారి ఒంటరి నృత్యము; దీపావళినాడు వాల్మీకులు దీనిని విశేషముగా ఆడుదురు. బాయ థింసా దేవత పూనిన గురువు ఆడునది. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు వాద్యములు. స్త్రీల కాలి అందెలు తాళమును నిలుపును.

ఈ పట్టికను చూచినంతనే ఒక విషయము తేటపడును. దేవత, వ్యవసాయము, అడవి, పులి, పూనకము, పండుగ, ప్రణయము అన్నియు ఇందున్నవి. వీనిలో ప్రణయమునకు ప్రత్యేకించినట్లు కనబడునది గుండేరి యొక్కటియే. మఱి థింసాకును వివాహమునకును గల సంబంధము ఈ యొక్క భేదమునకే పరిమితమా? కాదు. ఆ సంబంధము అడుగులలో కంటె వరుసకూర్పులో నున్నది. ‘వరుస’ యను మన మాటకు పంక్తి యనియు, బంధుత్వక్రమ మనియు రెండర్థములు గలవు. థింసాను బోధించుటకు ఇంతకంటె తగిన తెలుగు మాట లేదు.

ఈ తెగలలో వివాహము వంశమునుబట్టి నడచును. కొర్రా, కిల్లో, పాంగి, వంతల, గొల్లోరి మొదలగునవి నేడు ఇంటిపేర్లుగా వినబడుచున్నవి. నిజమునకు ఇవి వంశచిహ్నములు. కొర్రా వారికి సూర్యుడు, కిల్లో వారికి పులి, పాంగి వారికి గద్ద, వంతల వారికి నాగు, గొల్లోరి వారికి కోతి చిహ్నములు. ఒకే చిహ్నము గలవారు ఎంత దూరపు గ్రామముల వారైనను అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. వారి నడుమ వివాహము నిషిద్ధము. ప్రణయగీతములు పాడుకొనుటయు వావి తప్పిన పనియే. చిన్న గూడెములలో తఱుచుగా ఒకటి రెండు వంశములవారే ఉందురు. కావున కిల్లో యువకునకు తన గూడెములోని పడుచులు పెక్కురు సోదరీమణులే యగుదురు. వధువును వెదకవలెనన్న అతడు కొండ దాటవలెను. మేనరికమునకు ఆదరమున్నను, మేనమామ ఇల్లు సైతము మఱియొక గ్రామముననే యుండును.

పొలము, అడవి, వాగు నడుమ దినమంతయు గడుపు యువతీయువకులు వేఱు గ్రామముల తమ యీడువారిని చూచు సందర్భములు రెండే: వారపు సంత, పండుగ నృత్యము. సంతలో చూపులు కలియవచ్చును గాని, అక్కడ తొందరయు, క్రయవిక్రయములును, పరుల యెదుటి సంకోచమును ఉండును. నృత్యమున రాత్రి యంతయు అవకాశముండును. అంతకంటె ముఖ్యముగా పెద్దల అంగీకారముండును. ఈ యంగీకారమును గుర్తింపనివారే థింసాను స్వేచ్ఛావిహారమని పొరబడుచున్నారు. వలయము చుట్టును కూర్చున్న పెద్దలకు ఎవరి పిల్ల ఏ వంశమునకు చెందినదో తెలియును. పాట ఎవరికొఱకు పాడబడుచున్నదో తెలియును. వావి తప్పినచో అందఱి యెదుటను తెలిసిపోవును. ఈ రీతిగా థింసా ప్రణయమునకు చోటిచ్చుచునే దానికి సాక్షులను ఏర్పఱచుచున్నది.

కాలమును గూడ పరిశీలింపవలెను. థింసా పెండ్లిండ్లలోను, కొత్తధాన్యమునకు జరుగు కొర్రకొత్త వంటి పండుగలలోను ఆడబడుచున్నను, దానికి ముఖ్యకాలము చైత్రమాసము. దిసారి మంచిదినము నిర్ణయించినపిమ్మట ఇటుకల పండుగ ఆరంభమగును. విత్తనములకు పూజ జరుగును. పురుషులు విల్లంబులతో వేటకు పోవుదురు. వట్టిచేతులతో తిరిగివచ్చినవారిని స్త్రీలు పరిహసింతురు. స్త్రీలు బాటలకు అడ్డము కట్టి, దాటువారివద్ద పండుగ సొమ్ము వసూలు చేయుదురు. ఏడాదిలో తక్కిన దినములలో పనిచే బద్ధులై యుండువారు ఈ దినములలో మాత్రము పగలు వేట, రాత్రి ఆట అనునట్లుందురు. ఒక గ్రామపు యువకులు మఱియొక గ్రామమునకు వాద్యములతో పోయి ఆడుటయు, వారిని వీరు అతిథులుగా గౌరవించుటయు, పిమ్మట వీరు వారి గ్రామమునకు పోవుటయు ఆచారము. ఆడవచ్చినవారికి అన్నము పెట్టుట ఆతిథేయుల బాధ్యత. ఈ రాకపోకలవలన పిల్లల చూపులు మాత్రమే కాక పెద్దల మాటలును కలియును. ఏ గ్రామమువారు మంచి కాఁపులు, ఎవరి మాట నిలుకడ గలది, ఎవరికి భూమి యెంత యనునవి ఆ రాత్రులందే తెలియును.

ఉస్కు పాటల విశేషము ప్రశ్నోత్తరరూపమున నుండుట. పురుషుడు పాడిన పాదమునకు స్త్రీ అప్పటికప్పుడు పాదము కట్టి బదులు చెప్పును. ఈ పాటలలో కొండ, వాగు, పువ్వు, పిట్ట మొదలగునవి సంకేతములు. మనసులోని మాటను నేరుగా చెప్పుట మొఱటుతనము. సంకేతమును గ్రహించి దానికి సరిపోవు సంకేతముతో ప్రత్యుత్తరమిచ్చుటలో యువతి తెలివి వెల్లడియగును. ఇష్టము లేనియెడల పరిహాసముతో త్రోసిపుచ్చవచ్చును; బదులే పాడక ఊరకుండవచ్చును. ఈ చివరి విషయమునకు గల ప్రాధాన్యము మన వ్యాసకర్తలు గుర్తించినట్లు లేదు. కన్యకు తన యిష్టానిష్టములను బహిరంగముగా, మర్యాద చెడకుండ తెలుపు అవకాశము ఈ నృత్యమున నున్నది. మైదానమున మన పెండ్లిచూపులలో తలవంచి కూర్చుండు కన్యకు ఇట్టి అవకాశము ఎంతవఱకున్నదో ఆలోచింపదగినది.

నృత్యమున మొలకెత్తిన ఇష్టము వివాహమగుటకు మార్గములు పెక్కులు. పెద్దలు మధ్యవర్తులద్వారా మాటలాడి, ఓలి నిర్ణయించి చేయునది గౌరవప్రదమైనది. ఓలి వరుని వైపువారు వధువు తలిదండ్రులకిచ్చునది, కట్నమునకు విపర్యయము. ఓలి చెల్లింప శక్తిలేనియెడలగాని, పెద్దలు సమ్మతింపనియెడలగాని ఇరువురును కలిసి వెడలిపోవుదురు. కోరాపుట్ ప్రాంతమున ఇట్టి వివాహమునకు ఉదులియా యని పేరు. పిమ్మట ఉభయగ్రామముల పెద్దలును కూడి, తప్పు క్రింద కొంత సొమ్మును నిర్ణయించి, విందుతో దానిని ఆమోదింతురు. అత్తవారింట పనిచేసి ఓలి తీర్చుకొను ఇల్లరికమును కలదు. ఏ మార్గమున జరిగినను పెండ్లి విందులో మరల థింసా ఆడవలసినదే. మొదట ఎదురెదురుగా నిలిచి ఆడిన రెండు గ్రామములు ఇప్పుడు ఒకే వరుసలో చేతులు కలుపును. నృత్యముతో ఆరంభమైన సంబంధము నృత్యముతోనే స్థిరపడుచున్నది.

ఇట్టి వ్యవస్థ ఈ కొండలకే ప్రత్యేకమని తలంపరాదు. ఆదిలాబాదు రాజగోండులలో దీపావళి ముందు జరుగు దండారి ఉత్సవమున గుస్సాడీలతో కూడిన బృందములు గ్రామమునుండి గ్రామమునకు పోయి అతిథులై ఆడుదురు. ఆ రాకపోకలలో వియ్యమందదగిన కుటుంబములు పరస్పరము తెలిసికొనును. ప్రాచీన ద్రావిడ సాహిత్యమున దీనికి పోలికలు కలవు. తమిళ సంగమ కవులు పర్వతభూమిని కుఱింజి యని పేర్కొని, స్త్రీపురుషుల తొలి సమాగమమునకు దానిని నిలయముగా చెప్పినారు. అచ్చటి కొండజాతివారు చేతులు కలిపి వలయముగా ఆడు నృత్యము కురవై. శిలప్పదికారమున కున్ఱక్కురవై యను ప్రకరణమే కలదు. విరహముచే కృశించిన కన్యకు ఏమైనదో తెలిసికొనుటకు మురుగన్ పూనిన వేలన్ ఆడు వెఱియాట్టమును సంగమ కవులు వర్ణించిరి. కొండ, కలసిన చేతులు, ప్రణయము, పూనకము అను నాలుగును అచ్చట ఒక్కచోట చేరియున్నవి. థింసాలోను ఈ నాలుగును ఉన్నవి. ఇంతమాత్రముచే ఒకదానినుండి మఱియొకటి పుట్టినదని చెప్పుట సాహసము. ఒకేవిధమైన జీవనపరిస్థితులు ఒకేవిధమైన కళను పోషించునని చెప్పుట చాలును.

అడవి నృత్యము నాగరకుల రంగస్థలమునకు వచ్చుటయు కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని 13వ శతాబ్దిలో రచించిన నృత్తరత్నావళిలో దేశి నృత్తములకు గౌరవస్థాన మిచ్చినాడు. వానిలో గొండలి యొకటి. భిల్లస్త్రీల ఆటను చూచి చాళుక్యరాజు దానిని ఆదరించెనని సంప్రదాయము. రాజాస్థానమున గొండలికి లక్షణము దొరకినది. కాని అడవిలో ఆ స్త్రీలు ఎవరితో, ఎందులకు ఆడిరో లక్షణగ్రంథము చెప్పదు. థింసా విషయమున మనము ఈ లోపమును మరల చేయకుండుట అవసరము.

ఈ హెచ్చరికకు కారణమున్నది. 1960ల దశకమున కొత్తవలస–కిరండూల్ రైలుమార్గ నిర్మాణముతో ఈ కొండలు మైదానమునకు దగ్గఱయైనవి. తరువాతి దశాబ్దములలో పర్యాటకము పెరిగినది. వసతిగృహములలోను, ప్రభుత్వోత్సవములలోను, చలనచిత్రములలోను థింసా సుపరిచితమైనది. దీనివలన కళాకారిణులకు కొంత ఆదాయమును, తమ కళయందు అభిమానమును కలిగినమాట నిజము. దానిని తక్కువచేసి మాటాడుట కడుపునిండినవారి వేదాంతము. ఐనను రంగస్థలమున జరుగు మార్పును గుర్తింపవలెను. అచ్చట చూపరి వావికలవాడు కాడు, అతిథి కాడు, తన గ్రామమునకు ఆహ్వానించి బదులు ఆడించువాడు కాడు. ఒకప్పుడు ఇచ్చిపుచ్చుకొనుటగా నున్నది ఇప్పుడు ఇచ్చుట మాత్రమైనది. అరగంట ప్రదర్శనలో వరుస కదలిక నిలుచును గాని, ప్రశ్నకు బదులు చెప్పు పాటకు చోటుండదు. సామాన్యముగా మొదట నశించునది పాటయే. ఏలన అడుగులను చూచి నేర్చుకొనవచ్చును గాని, భాష రానివానికి పాట కట్టుట రాదు.

ఇచ్చటనే తెలుగు శాఖలకు సంబంధించిన ప్రశ్న పుట్టుచున్నది. ఆశ్రమపాఠశాలలలో పెక్కేండ్లు తెలుగే బోధనభాషగా నుండెను. 2004 తరువాత కువి, కొండ, ఆదివాసీ ఒడియా మొదలగు మాతృభాషలలో ప్రాథమిక బోధనకు రాష్ట్రప్రభుత్వము ప్రయత్నము చేసినది. మన జానపదవాఙ్మయ పరిశోధన మాత్రము తెలుగు పాటలవద్దనే తఱుచు ఆగిపోవుచున్నది. థింసా పాటలు తెలుగువి కావు గనుక అవి తమవి కావని తెలుగు శాఖలు తలంచిన, తెలుగుదేశమున నున్నవి గనుక తమవి కావని ఒడియా శాఖలు తలంచిన, ఆ పాటలకు దిక్కెవరు? పరిశోధకులు నృత్యభేదముల పేర్లను మరల మరల ఎత్తివ్రాయుటతో తృప్తిపడక, ఒక్క గ్రామమును ఎన్నుకొని, ఒక చైత్రమున ఏయే గ్రామములవారు అచ్చటికి వచ్చి ఆడిరి, వారి వంశములేవి, ఎవరు పాడిరి, ఎవరు బదులు చెప్పిరి, ఆ యేడు ఏయే పెండ్లిండ్లు జరిగెను అని వ్రాసికొనవలెను. పాటను దేశియాలో వ్రాసి, పాడినవారి నోటనే అర్థము వినవలెను. పాడినవారి యనుమతి లేక ప్రణయగీతములను ప్రకటింపరాదు. అవి ఒకరినుద్దేశించి మఱియొకరు పాడినవని మఱువరాదు.

ఈ పరిశీలనమువలన తేలినది ఇది. థింసా అడుగుల కూర్పుగా నృత్యము; వరుసల కూర్పుగా బంధుశాస్త్రము; రాకపోకలుగా గ్రామముల నడుమ సంధి. యువతీయువకుల ప్రణయము ఈ మూడింటి నడుమ పెరుగుచున్నది గాని వానికి వెలుపల కాదు. ఆ స్త్రీలు చేతులు పెనవేసికొని నిలిచినప్పుడు, ఎవరి చేయి ఎవరి చేతిలో నున్నదో తెలిసికొనినవాడే థింసాను చూచినవాడు.